వారమ్ పర్సీ: గడ్డి కప్పిన ఊరును ఎలా చూడాలి?

ఇంగ్లండ్‌లో కోటలు, మఠాలు, జమీందారీ భవంతులు చూడటానికి టికెట్టు కొని, గైడు వెంట నడిచి, వచ్చేటప్పుడు కొట్లో ఏదో ఒక జ్ఞాపిక కొనుక్కొని రావడం అలవాటైన వారికి వారమ్ పర్సీ మొదటి అరగంట సేపు నిరాశే కలిగిస్తుంది. అక్కడ టికెట్టు లేదు, కాపలా మనిషి లేడు, కొట్టు అసలే లేదు. ఉన్నదల్లా సగం కూలిన ఒక చర్చి, దాని కింద ఒక చిన్న చెరువు, పైన విశాలమైన గడ్డి మిట్ట, ఆ మిట్ట మీద చాలాచోట్ల మోకాలెత్తుకు మించని మట్టికట్టలు. కొన్ని వందల ఏళ్ళు జనం కాపురాలు చేసి, సుమారు 1500 నాటికి ఖాళీ అయిపోయిన ఒక మధ్యయుగపు పల్లె ఆనవాళ్ళు అవి. ఇంగ్లండ్ పల్లెటూరి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు చూపించలేనని ముందే చెబుతున్నాను. అయితే ఏ వేళ వెళ్ళాలో, ఏది ముందు చూడాలో తెలియకుండా వెళితే పశువుల మేతబీడు చూసి వచ్చామన్న భావనే మిగులుతుంది. అందుకే ఈ సమీక్ష కొంచెం వివరంగా రాస్తున్నాను.

యార్క్‌షైర్ తూర్పు భాగంలో వోల్డ్స్ అనే సుద్దరాయి కొండల వరుస ఉంది. మాల్టన్ పట్టణానికి ఆగ్నేయంగా సుమారు 6 మైళ్ళ దూరంలో, ఇప్పటికీ జనం ఉన్న వారమ్ లె స్ట్రీట్ అనే ఊరికి కాస్త దక్షిణంగా, సన్నని రోడ్డు పక్కన కార్లు నిలిపే చోటు ఉంటుంది. అక్కడి నుంచి ముప్పావు మైలు నడవాలి. దారి లోయలోకి దిగుతుంది, కొంత ఏటవాలుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, వాన పడితే బురదమయం అవుతుంది. చక్రాల కుర్చీ గానీ, పసిపిల్లల తోపుడు బండి గానీ ఈ దారిలో నడపడం కష్టం. మరుగుదొడ్డి లేదు, టీ దొరకదు, నీళ్ళ సీసా వెంట ఉండాలి. ఈ స్థలం చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సంరక్షణలో ఉంది, ప్రవేశం ఉచితం, పగటి వెలుగు ఉన్నంతసేపు ఎప్పుడైనా వెళ్ళవచ్చు. పశువులు స్వేచ్ఛగా మేస్తుంటాయి గనుక కుక్కను తీసుకువెళ్ళేవారు తాడు వదలకూడదు. దగ్గర్లోని రైల్వే స్టేషను మాల్టనే కనుక సొంత వాహనం లేనివారికి ఇది సులువైన ప్రయాణం కాదు.

లోయలోకి దిగగానే కంటికి ఆనేవి ఒక వరుస పాత ఇటుక ఇళ్ళు, వాటి వెనుక సెయింట్ మార్టిన్ చర్చి. చాలామంది సందర్శకులు ఇక్కడే ఆగిపోతారు. చర్చి ముందు ఫొటోలు తీసుకుని, చెరువు గట్టున రొట్టెముక్క తిని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పు పట్టలేం, ఎందుకంటే అక్కడ మధ్యయుగపు గోడలంటూ నిలబడి ఉన్నది చర్చికే. ఆ ఇటుక ఇళ్ళు మధ్యయుగపువి కావు. ఊరు పోయిన చాలాకాలం తరువాత ఇక్కడ నడిచిన ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రానికి చెందినవి. లోయలో కనిపించే రైలుకట్ట ఇంకా కొత్తది. మాల్టన్, డ్రిఫీల్డ్ పట్టణాలను కలుపుతూ 1853లో మొదలైన ఆ మార్గంలో 1950లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి, 1958లో మార్గమే మూతపడింది. వేర్వేరు కాలాల్లో పాడుబడినవన్నీ ఒకేచోట పక్కపక్కన ఉండటం వల్ల కొత్తగా వెళ్ళినవారు వీటన్నిటినీ ఒకే ఊరిగా పొరబడటానికి చాలా అవకాశం ఉంది.

కనుక నా మొదటి సలహా ఇది: చర్చిని చివరకు ఉంచుకుని, ముందు పడమటి వైపు మిట్ట మీదికి ఎక్కండి. ఊరు అక్కడ ఉంది.

మిట్ట అంచు వెంబడి ఇళ్ళ స్థలాలు వరుసగా ఉంటాయి. ఒక్కో కుటుంబానికి ముందు వైపు ఇల్లు, దొడ్డి, దాని వెనుక పొడవాటి పెరడు ఉండేవి. ఒక దొడ్డికీ పక్క దొడ్డికీ మధ్య హద్దుగా వేసిన మట్టికట్టలే ఇప్పుడు మన కాళ్ళకు తగులుతాయి. ఇంటి ముందు నుంచి పోయే బండిదారి కొన్ని శతాబ్దాల రాకపోకలకు అరిగి, చుట్టుపక్కల నేల కంటే లోతుగా దిగిపోయి, ఎండిపోయిన పంటకాలువలా కనిపిస్తుంది. ఆ దారిలో నిలబడి రెండు పక్కలా చూస్తే, కట్టల మధ్య అక్కడక్కడ ఒక ఖాళీ, అంటే ఒకప్పటి వాకిలి, ఆ ఖాళీలోంచి లోపలికి పోతే నలుపలకగా కొంచెం కుంగిన నేల, అంటే ఇల్లు నిలిచిన చోటు, మెల్లగా కంటికి తెలియడం మొదలవుతుంది. కుందేళ్ళు తవ్విపోసిన మట్టి దగ్గర వంగి చూస్తే నల్లమట్టిలో తెల్లటి సుద్దరాయి ముక్కలు కనిపిస్తాయి. ఇళ్ళ గోడల అడుగు వరసలకు వాడినది ఆ రాయినే. ఇది చట్టం రక్షణలో ఉన్న స్థలం కనుక ఏ ముక్కనూ జేబులో వేసుకోకూడదు, లోహాలను పసిగట్టే యంత్రాలు తీసుకురాకూడదు.

దీన్ని చూడటానికి వేళ చాలా ముఖ్యం. నడినెత్తిన సూర్యుడు ఉన్న వేసవి మధ్యాహ్నం గడ్డి ఏపుగా పెరిగి, నీడలు లేక, మిట్ట అంతా చదునుగా అనిపిస్తుంది. శీతకాలంలోనో, వసంతం మొదట్లోనో, పొద్దు వాలుతున్నప్పుడు వెళితే ప్రతి కట్టకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడి, ఊరి నక్షా మొత్తం నేల మీద గీసినట్టు తేలుతుంది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలలో ఇలాంటి ఊళ్ళు అంత స్పష్టంగా కనబడటానికి కారణం కూడా ఈ వాలు వెలుగే. సన్నగా మంచు రాలిన రోజు ఇంకా బాగుంటుందని అంటారు గానీ ఆ దారిలో మంచు మీద దిగమని పెద్దవాళ్ళకు నేను సలహా ఇవ్వలేను.

పెద్దవాళ్ళ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. లీడ్స్, యార్క్ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు వేసవిలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను ఎక్కడికి తీసుకువెళ్ళాలా అని తడుముకుంటుంటాయి. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్ళకు ఓపిక ఉంటే ఈ చోటు కోటల కంటే బాగా నచ్చుతుంది. మా మామయ్యగారు మిట్ట మీద కాసేపు తిరిగి, బోర్డులేవీ చదవకుండానే, "ఇంత సున్నపు నేలలో నీళ్ళెక్కడివండీ వీళ్ళకి?" అని అడిగారు. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అదే. సుద్దరాయి మీద పడిన వాన నిలవకుండా ఇంకిపోతుంది, వోల్డ్స్‌లోని చాలా లోయలు అందుకే పొడిగా ఉంటాయి. వారమ్ పర్సీ దగ్గర మాత్రం లోయలో ఊటలు ఉన్నాయి, ఆ నీరే వాగై చర్చి పక్కగా పారుతుంది. ఊరు పుట్టింది ఆ ఊటల పైన. మధ్యయుగానికి ఎంతో ముందు, ఇనుపయుగపు చివరి దశలోనూ, రోమన్ల కాలంలోనూ ఇక్కడ జనం ఉన్నారని తవ్వకాల్లో బయటపడింది కూడా ఇందుకే. ఆయన రెండో మాట, "మా పాటిదిబ్బ మీదైతే అడుగడుగునా పెంకులు తగులుతాయి, ఇక్కడ ఒక్కటీ కనపడదేం?" అన్నది. మన పాటిదిబ్బల మన్ను చేలకు తోలుకుపోవడం వల్ల లోపలి పెంకులు బయటపడుతుంటాయి. ఇక్కడ నాగలి పడకుండా గొర్రెలు మేసినందువల్ల గడ్డి అన్నిటినీ కప్పేసింది. ఊరు ఇంత చక్కగా నిలిచి ఉండటానికీ, అది అసలు ఖాళీ అవడానికీ కారణం ఒకటే, ఆ గొర్రెలే.

ఆ సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఏ పాడుబడ్డ ఊరి గురించి అడిగినా ముందుగా వినిపించే జవాబు ప్లేగు. 1348, 1349 సంవత్సరాల్లో వచ్చిన ఆ మహామారి ఈ ఊరినీ తాకింది, జనం చాలామంది పోయారు. అయినా ఊరు చావలేదు, మిగిలినవారు మరో నూటయాభై ఏళ్ళు ఇక్కడే సేద్యం చేశారు. అసలు దెబ్బ తరువాత వచ్చింది. జనం తగ్గడంతో కూలి రేట్లు పెరిగాయి, ధాన్యం ధరలు పడ్డాయి, ఉన్నికి మాత్రం గిరాకీ ఉంది. దున్ని, విత్తి, కోసే భూమికి ఊరంతా కావాలి, గొర్రెల మందకు ఒక కాపరి చాలు. ఊరికి పేరిచ్చిన భూస్వాములు పర్సీల తరువాత ఈ భూమి హిల్టన్ వంశీకుల చేతికి వచ్చింది. గ్రామాలు ఖాళీ అవుతున్నాయన్న ఆందోళనతో 1517లో రాజు ఎనిమిదో హెన్రీ ముఖ్యమంత్రిగా ఉన్న కార్డినల్ వుల్సీ జరిపించిన విచారణలో, 1488 తరువాత జరిగిన వెళ్ళగొట్టుళ్ళను నమోదు చేయించినప్పుడు, ఇక్కడ నాలుగు ఇళ్ళు పడిపోయాయనీ, నాలుగు నాగళ్ళ వ్యవసాయం ఆగిపోయిందనీ రాశారు. నాలుగు నాగళ్ళంటే ఎంత సేద్యమో మనకు వేరే చెప్పనక్కరలేదు. చివరి కుటుంబాలు వెళ్ళింది 1500 ప్రాంతంలో అని చెప్పడానికి ఆధారం ఈ రికార్డే. ప్లేగు కథలో తప్పు ఎవరిదీ కాదు, గొర్రెల కథలో భూస్వామి ఉన్నాడు. బహుశా మొదటిదే ఎక్కువ ప్రచారంలో ఉండటానికి అదీ ఒక కారణమేమో.

ఈ మిట్టకు మరో ప్రత్యేకత ఉంది. మధ్యయుగపు రైతు ఇల్లు ఎలా ఉండేదో ప్రపంచానికి తెలిసింది చాలావరకు ఇక్కడి నుంచే. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర బోధించిన మారిస్ బెరెస్‌ఫర్డ్ 1950లో ఇక్కడ తవ్వకం మొదలుపెట్టారు. ఆయనకు కావలసింది ఒక్కటే, గడ్డి కింద నిజంగా ఇళ్ళు ఉన్నాయని రుజువు చేయడం. ఆ తరువాత పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్ చేరారు. ఇద్దరూ కలిసి 1990 వరకు, నలభై ఏళ్ళ పాటు, ప్రతి వేసవిలో కొన్ని వారాలు స్వచ్ఛంద కార్యకర్తలతో తవ్వించారు. అక్కడక్కడ గుంతలు తీసి చూడటం కాకుండా, ఒక ఇంటి స్థలాన్ని మొత్తంగా పొరలు పొరలుగా తెరిచే పద్ధతిని డెన్మార్క్ నుంచి తెచ్చి ఇక్కడ అమలుచేశారు. బలహీనమైన సుద్దరాయి గోడల జాడలు గుంతల పద్ధతిలో దొరికేవి కావు. అలా తెరిచిన ఒకచోట, సాధారణ రైతుల ఇళ్ళ అడుగున, 12వ శతాబ్దపు జమీందారీ భవనం నేలమాళిగ బయటపడింది. దొరగారి మేడ పడిపోయాక ఆ స్థలాన్ని రైతులకు ఇళ్ళ స్థలాలుగా పంచారన్నమాట.

తవ్విన ఇళ్ళ గురించి మొదట్లో అనుకున్నది తరువాత మారింది, ఇది తెలిసి చూస్తే మిట్ట మీది కట్టలు మరోలా కనిపిస్తాయి. ఇళ్ళు సాధారణంగా పొడుగ్గా ఉండేవి, ఒక చివర మనుషులు, మరో చివర పశువులు. గోడలు మాటిమాటికీ తిరిగి కట్టిన ఆనవాళ్ళు చూసి, అవి ఒక తరం కూడా నిలవని పేద గుడిసెలనీ, కొడుకు పెద్దవాడయ్యేసరికి ఇల్లు కూలి మళ్ళీ కట్టుకునేవారనీ అప్పట్లో నిర్ణయించారు. తరువాత స్టూవర్ట్ రాత్‌మెల్ అదే ఆధారాలను తిరిగి పరిశీలించి, ఇంటి బరువు గోడల మీద లేదని వాదించారు. వంపు తిరిగిన పెద్ద దుంగలను జతలు జతలుగా నిలబెట్టి, పైన కలిపి, వాటి మీదే కప్పు వేసేవారు. గోడ కేవలం చలిగాలికి అడ్డం. గోడ పాడైతే కప్పు కదలకుండా గోడ ఒక్కటే మార్చుకోవచ్చు. అంటే ఆ ఇళ్ళు తరతరాలు నిలిచిన గట్టి ఇళ్ళే, వాటిలో ఉన్నవాళ్ళు మనం ఊహించినంత దిక్కులేనివాళ్ళు కారు. పాత నిట్రాడి ఇళ్ళను చూసినవారికి ఈ వాదన పట్టుకోవడానికి క్షణం పట్టదు.

ఇప్పుడు కిందికి దిగి చర్చి చూడవచ్చు. గోపురం 1959లో కొంత కూలిపోయింది, మిగిలిన భాగం నిలువునా కోసి చూపించినట్టు నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి పక్క గోడలను శ్రద్ధగా చూడండి. గోడలో గోడగా కలిసిపోయిన పాత కమానులు, వాటి మధ్య రాళ్ళు పేర్చి మూసేసిన ఖాళీలు కనిపిస్తాయి. జనం పెరిగినప్పుడు చర్చికి రెండు వైపులా వసారాలు కలిపారు, జనం తగ్గాక వాటిని తీసేసి కమానులను పూడ్చారు. ఊరి జనాభా లెక్క గోడ మీదే ఉంది, మిట్ట మీద తిరిగి వచ్చిన తరువాతే ఇది అర్థమవుతుంది, చర్చిని చివరకు ఉంచమని చెప్పింది అందుకే. ఊరు పోయినా చర్చి పోకపోవడానికి కారణం, దాని పారిష్‌లో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో, థిక్సెన్‌డేల్ వంటి వేరే ఊళ్ళు ఉండటం. థిక్సెన్‌డేల్ వాసులు 19వ శతాబ్దంలో తమకంటూ ఒక చర్చి కట్టుకునే దాకా, కొండలు దాటి ప్రార్థనకూ, ఖననాలకూ ఇక్కడికే రావలసి వచ్చేది. చర్చి కింద ఉన్న చెరువు మొదట్లో తిరగలి మర నడపడానికి కట్టినది, తరువాత చేపల చెరువయింది.

చర్చి ఆవరణలో దాదాపు 700 అస్థిపంజరాలను తవ్వితీసి అధ్యయనం చేశారు. ఇక్కడి తల్లులు పిల్లలకు సుమారు ఏడాదిన్నర దాకా పాలిచ్చేవారని ఎముకల రసాయన పరీక్షలో తేలింది, ఏ రాతప్రతిలోనూ దొరకని సంగతి ఇది. మిట్ట మీద ఇళ్ళ మధ్య గుంతల్లో దొరికిన మరికొన్ని ఎముకల మీద 2017లో వెలువడిన పరిశోధన పత్రికల్లో బాగా పేలింది. కనీసం పదిమందికి చెందిన 137 ఎముకల మీద చనిపోయిన తరువాత కత్తితో కోసిన, కాల్చిన, విరగ్గొట్టిన గుర్తులు ఉన్నాయి. వాళ్ళు పొరుగు ప్రాంతం వాళ్ళేమోనని పళ్ళను పరీక్షిస్తే స్థానికులేనని తెలిసింది. కరువులో నరమాంసం తిన్నారేమోనని చూస్తే, కోతలు కండ ఉన్నచోట కాక ఎక్కువగా తల, మెడ దగ్గర ఉన్నాయి. చచ్చినవాళ్ళు లేచి తిరుగుతారన్న భయంతో శవాలను అలా చేసి ఉండవచ్చన్నది పరిశోధకులు ఎక్కువగా మొగ్గిన వివరణ. పిల్లలతో వెళ్ళేవారు ఈ కథ చెప్పకపోతే వాళ్ళు మిట్ట ఎక్కరు, చెబితే చీకటి పడేదాకా ఉండరు. ఏది మేలో తల్లిదండ్రులే తేల్చుకోవాలి.

ఇక లోపాలు. నేల మీద చూడవలసినదాన్ని బొమ్మలతో వివరించే బోర్డులు ఉన్నాయి, అవి ఉపయోగకరమే. కానీ ఏ బోర్డయినా ఒకచోట నిలబడి చెబుతుంది, ఊరు మాత్రం నడిస్తేనే తెలుస్తుంది. కనుక ఇంట్లోనే ఊరి పటం ఒకటి అచ్చు వేసుకొని చేత పట్టుకొని వెళ్ళడం ఉత్తమం. తవ్వకాల్లో దొరికిన వస్తువుల్లో ఒక్కటైనా అక్కడ చూడలేం. మ్యూజియం కోసం చూసేవారికి అది పెద్ద లోటుగానే అనిపిస్తుంది. నడవలేని వారిని కారులోనే కూర్చోబెట్టి మిగిలినవారు దిగడం అన్యాయంగా ఉంటుంది, అక్కడి నుంచి వాళ్ళకు కనిపించేదేమీ లేదు.

ఇంగ్లండ్‌లో ఇలా ఖాళీ అయిన మధ్యయుగపు ఊళ్ళు సుమారు 3,000 ఉన్నాయని లెక్కగట్టారు. మన రెవెన్యూ దస్తరాల్లో బేచిరాకు (జనం లేని) గ్రామాలని రాసే ఊళ్ళు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి ఈ సంఖ్య ఆశ్చర్యం కలిగించదు. వాటిలో ఎక్కువ భాగం ప్రైవేటు పొలాల్లో ఉన్నాయి, చాలావాటిని దున్నేశారు. ఉచితంగా చూడగలిగిన వాటిలో లింకన్‌షైర్‌లోని గెయిన్స్‌థార్ప్‌లో మట్టికట్టలు ఇంకా పదునుగా ఉంటాయి. ఊరంతా దొంగలు కావడం వల్ల పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి కూల్చేశారని 17వ శతాబ్దం చివర్లో చెప్పుకున్న సరదా కథ కూడా దానికి ఉంది. కానీ అక్కడ తవ్వకపు చరిత్ర లేదు, చర్చి లేదు. డెవన్‌లో డార్ట్‌మూర్ మీద ఉన్న హౌండ్ టార్‌లో గ్రానైట్ గోడలు ఇంకా నిలిచే ఉండటం వల్ల ఇళ్ళను ఊహించుకోవలసిన పని లేదు, గుమ్మంలోంచి లోపలికి నడవవచ్చు. కళ్ళకు వెంటనే ఏదో కనపడాలనుకునేవారు హౌండ్ టార్‌కు వెళ్ళడం మంచిది. ఊరు ఎందుకు పుట్టింది, ఎలా పెరిగింది, ఎవరి వల్ల పోయింది అన్న మూడు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు కావాలనుకునేవారికి మాత్రం వారమ్ పర్సీయే.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది దారికీ, మరుగుదొడ్డి లేకపోవడానికీ. అర పూట సమయం పెట్టుకోండి, బురదకు ఆగే బూట్లు వేసుకోండి, భోజనం మాల్టన్‌లో ముగించుకొని, పొద్దు వాలడానికి రెండు గంటల ముందు మిట్ట మీద ఉండేలా చూసుకోండి. నడక ఇష్టమైనవారికి యార్క్‌షైర్ వోల్డ్స్ వే అనే కాలిబాట ఈ ఊరి పక్కగానే పోతుంది, దాని మీద థిక్సెన్‌డేల్ దాకా వెళ్ళవచ్చు. తిరుగు నడకకు కూడా వెలుగు మిగలాలి కనుక ఆ పని పెట్టుకున్న రోజు మాత్రం పొద్దున్నే బయలుదేరాలి.